ఇరవై మూడు కోళ్ళు, వారానికి ఆరు గుడ్లు: గుంటూరు శివారులో ఒక పెరటి కేసు

నేను పశువైద్యుణ్ణి. గుంటూరు, విజయవాడల మధ్య ఊళ్ళలో తిరుగుతుంటాను. నా పనిలో ఎక్కువ భాగం గేదెలు, ఈ మధ్య కుక్కలు. కోళ్ళ కోసమని నన్ను పిలిచేవాళ్ళు తక్కువ. గేదెకు సూది వేసి చేతులు కడుక్కుంటుంటే పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "డాక్టరు గారూ, మా కోళ్ళను కూడా ఓసారి చూసి పోరూ" అంటుంది. ఫీజు ఉండదు, టీ ఉంటుంది. ఈ కేసు కూడా అలా వచ్చిందే, 2023 సెప్టెంబరులో. రెండేళ్ళు నడిచింది. ఇంతకాలం పట్టడానికి కారణం ఎక్కువగా నేనే. అందుకే రాసిపెడుతున్నాను. ఊరి పేరు, ఇంటివాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఇల్లూ పెరడూ

మూడు సెంట్ల స్థలం. ఇల్లు, బాత్రూము, ముందు ఆటో పెట్టుకునే జాగా పోను వెనక మిగిలింది పన్నెండడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. అంటే 360 చదరపు అడుగులు. నేల నల్లరేగడి. వానాకాలం చెప్పు ఊడొస్తుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు. ఒక మునగచెట్టు ఉంది. పక్కింటి వేపచెట్టు సగం నీడ ఇటు పడుతుంది.

ఇంట్లో ఐదుగురు. కొడుకు ఆటో నడుపుతాడు. కోడలు సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. ఇద్దరు పిల్లలు. కోళ్ళ వ్యవహారమంతా అత్తగారిది. అరవై దాటిన మనిషి, చదువు లేదు, లెక్క మాత్రం గట్టిది. వంటింటి వెనకగోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేది. గుడ్డుకో గీత, ఐదోది అడ్డగీత. పొదగేసిన గుడ్లకు చుట్టూ గుండ్రం, పోయిన కోడికి ఇంటూ గుర్తు. నా కేసు షీటు కన్నా ఆ గోడే నాకు ఎక్కువ పనికొచ్చింది.

గుడ్లు ఎందుకు కావాలో కోడలు నేరుగా చెప్పింది. పిల్లలకు బడిలో గుడ్డు పెడతారు. కొనుక్కొచ్చిన గుడ్లు ఇంట్లో ముందు మొగాడికి, తర్వాత పిల్లలకు పోతాయి. ఆమెకు ఆ మధ్య ఆస్పత్రిలో రక్తం తక్కువుందన్నారు, తిండి బాగా తినమన్నారు. అత్తగారికి పళ్ళు లేవు, మాంసం నమలలేదు. ఈ ఇద్దరికీ గుడ్డు అందాలంటే అది పెరట్లోంచే రావాలి.

వాళ్ళు చెప్పిన బాధ

"పదకొండు పెట్టలున్నాయి బాబూ, గుడ్డు కనపడదు. పిల్లలు లేస్తాయి, గద్ద తన్నుకుపోతుంది. మిగిలినవి తూగుతా కూచుంటాయి."

లెక్కపెట్టాను. నాటు పెట్టలు పదకొండు, కొడుకు సంక్రాంతి కోసం మేపుతున్న పందెం పుంజులు రెండు, ఊరికే తిరిగే పుంజొకటి, ఎదిగే పిల్లలు తొమ్మిది. మొత్తం 23. గోడ మీద ఆగస్టు నెల గీతలు 26. అంటే వారానికి ఆరు గుడ్లు, అందులోనూ సగం పొదగేసినవే.

నాటు పెట్ట సంగతి తెలిసిందే. పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగు మీద కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, తర్వాత రెండు నెలలు పిల్లలతో తిరుగుతుంది. ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు. ఆ లెక్కన పదకొండు పెట్టలకు వారానికి పన్నెండు పైనే రావాలి. సగం ఎక్కడికో పోతున్నాయి.

మొదటి ఆలోచన, మొదటి మందు

నాటుకోళ్ళ ఇంటికి వెళ్తే ముందు కొక్కెర తెగులు ఉందేమో చూస్తాం. రాణిఖెత్ అనేది దాన్నే. ఆకుపచ్చ పారుడు, మెడ తిరిగిపోవడం, రెండు రోజుల్లో సగం మంద ఖాళీ. ఇక్కడ అలాంటిదేమీ లేదు. గోడ మీద ఇంటూ గుర్తులు వారానికొకటి, పదిరోజులకొకటి ఉన్నాయి. అంటే మెల్లగా తినేసే జబ్బు. ఒక పెట్టను పట్టుకుని రొమ్ము తడిమితే ఎముక కత్తి అంచులా తగిలింది. తురాయి ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి గులాబీ రంగులో ఉంది.

బాగా చిక్కిన పెట్టనొకదాన్ని వాళ్ళ అనుమతితోనే కోసి చూపించాను. పేగు చీలిస్తే సేమ్యా కుక్కినట్టు ఏలికపాములు. అత్తగారు ముక్కున వేలేసుకుంది. నాకు లోపల్లోపల సంతోషమే, జబ్బు దొరికిందని. కాలేయం కాస్త పసుపుపచ్చగా పాలిపోయి ఉంది. అది చూశాను, రాసుకున్నాను, పట్టించుకోలేదు.

రెండు నిర్ణయాలు తీసుకున్నాను. మొదటిది, అంతకుముందు ఏదో మందుల షాపులో ఇచ్చిన పొడి ఆపించడం. కోడి తూగితే చాలు నీళ్ళలో కలుపుతున్నారు. ప్యాకెట్ చూస్తే యాంటీబయాటిక్. పాములకు అది పనిచేయదు, పైగా గుడ్డులోంచి పిల్లల కంచంలోకి వస్తుంది. రెండోది, పాముల మందు. మేతలో కలిపి అన్నిటికీ ఒకేరోజు, మూడు వారాల తర్వాత మళ్ళీ. మందు వేసిన ప్రతిసారీ పదిరోజుల గుడ్లు తినొద్దన్నాను. అత్తగారు ఆ గీతలన్నిటి కిందా బొట్టు పెట్టి గుర్తుంచుకుంది.

అక్టోబరులో గీతలు పెరిగాయి. వారానికి పది దాకా వచ్చాయి. నన్ను మెచ్చుకున్నారు. నవంబరు మధ్యకు మళ్ళీ ఏడు.

అప్పుడు ఆగి ఆలోచించాల్సింది. పాములు కోడి కడుపులో పుట్టవు, నేలలోంచి వస్తాయి. ఏలికపాము గుడ్డు తడినేలలో నెలల తరబడి బతుకుతుంది. 360 అడుగుల జాగాలో 23 కోళ్ళు ఏళ్ళ తరబడి అదే మట్టిని గీరి, అక్కడే రెట్ట వేసి, అక్కడే ఏరుకుని తింటున్నాయి. కడుపులోవి చంపితే మూడు వారాల్లో నేల మళ్ళీ నింపేస్తుంది. ఇది మూడో సంవత్సరం విద్యార్థికి తెలిసిన సంగతే. కానీ నేను మందును నమ్మాను, ఎందుకంటే అక్టోబరులో పనిచేసింది కదా. సగం పనిచేసే మందుతో వచ్చే ఇబ్బంది ఇదే.

నేను చేసిన పెద్ద పొరపాటు

"నాటు పెట్టలు ఇంతే పెడతాయి, జాతి మారుద్దాం" అన్నాను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి లాంటి రకాలు తయారుచేసింది. వీటిలో వనరాజ మాంసానికీ గుడ్డుకూ, గ్రామప్రియ ప్రధానంగా గుడ్డుకు. మంచి మేత పడితే గ్రామప్రియ ఏడాదికి 200 దాటుతుంది. మన పెరళ్ళలో నేను 180 వేసుకుంటాను. నాలుగు వారాల గ్రామప్రియ పిల్లలు పది తెప్పించాం. శుభ్రమైన గదిలో బల్బు కింద పెరిగిన పిల్లలు. నవంబరు ఆఖరున తెచ్చి ఆ పెరట్లోనే వదిలాం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పెరట్లో మూడు రోజులు నీళ్ళు, తర్వాత వారం రోజులు బురద. పదమూడో తేదీ ఉదయం కోడలు ఫోను చేసింది. "కొత్తపిల్లలు నెత్తురు రెట్ట వేస్తున్నాయండీ."

కాక్సిడియోసిస్. కాక్సిడియా అనే, కంటికి కనపడని పరాన్నజీవి తెచ్చే జబ్బు. తడి, వెచ్చదనం ఉంటే ఆ క్రిమి రెట్టలో పడిన ఒకట్రెండు రోజుల్లోనే అంటుకోడానికి సిద్ధమవుతుంది. మింగిన ఐదారు రోజులకు పేగు గోడలు చితికిపోతాయి. తుపాను తేదీకి, నెత్తురు కనపడిన తేదీకి మధ్య లెక్క సరిగ్గా సరిపోయింది. యాంప్రోలియం అనే మందు నీళ్ళలో కలిపి ఇచ్చాం. పదిలో ఏడు పోయాయి, మూడు మిగిలాయి.

అత్తగారు నన్నేమీ అనలేదు. గోడ మీద ఏడు ఇంటూలు వరుసగా పెట్టి, "గద్ద మాత్రం కాదు బాబూ ఈసారి" అంది. ఆ మాట పట్టుకుని పాత ఇంటూలన్నీ ఆమెను అడిగాను. ఏది కళ్ళారా చూశావు, ఏది ఊహించావు? గద్ద ఎత్తుకుపోతుంటే చూసినవి రెండు. మిగిలినవి "కనపడలా, గద్దే అయుంటుంది". ఎన్నో నెలలో పోయాయని అడిగితే ఎక్కువ భాగం నెల, నెలన్నర వయసులో. ఆ వయసులోనే కాక్సిడియా కొట్టేది. నాటు పిల్ల మూల నక్కి చస్తుంది, రాత్రికి పిల్లి గానీ పందికొక్కు గానీ లాక్కుపోతుంది. తెల్లారితే గద్ద ఖాతాలో పడుతుంది.

మరి తల్లి వెంట తిరిగిన నాటు పిల్లల్లో సగమైనా బతికి, బల్బు కింద పెరిగినవి అంత త్వరగా ఎందుకు పోయాయి? తల్లి వెంట పిల్ల మొదటివారం నుంచీ కొంచెం కొంచెంగా ఆ క్రిమిని మింగుతుంది, ఒంట్లో నిరోధం పెరుగుతుంది. శుభ్రమైన నేల మీద నాలుగువారాలు పెరిగిన దానికి ఆ అలవాటు లేదు. దాన్ని ఒక్కసారిగా బురదలోకి దింపాను. జాతి మంచిదే, దింపిన చోటు చెడ్డది.

కంచం నుంచి వెనక్కి లెక్క

సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం వాళ్ళింట్లో మంచం మీద కూర్చుని లెక్క మొదటి నుంచీ వేశాం. ఎన్ని కోళ్ళు పెంచగలం అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఎన్ని గుడ్లు తింటారని అడిగాను. ఐదుగురికి మనిషికి వారానికి నాలుగు అనుకున్నా ఇరవై. ఏడాదికి 180 పెట్టే పెట్ట వారానికి మూడున్నర ఇస్తుంది. ఆరు పెట్టలు చాలు.

ఆరు! ఇరవై మూడు కోళ్ళతో ఆరు గుడ్లు వస్తున్న ఇంట్లో ఆరు కోళ్ళతో ఇరవై గుడ్లు అంటే అత్తగారు నవ్వింది. ఆమె అడ్డుపడింది లెక్కకు కాదు. "మంద తగ్గితే ఇల్లు చిన్నబోద్దయ్యా" అంది. కోళ్ళు ఆమెకు బ్యాంకు కూడా. అవసరం పడితే ఒక పెట్టను అమ్మి మందులు కొనుక్కుంటుంది, చుట్టం వస్తే కోస్తుంది. అది మూర్ఖత్వమని నేననుకోను. అందుకే అన్నీ తీసేయమనలేదు. ఒక నాటు పెట్టను ఆమె ఎంచుకోమన్నాను, పొదుగుకు బాగా కూర్చునేదాన్ని.

కొడుకుది ఇంకో తగాదా. రెండు పందెం పుంజులు, ఒకటి డేగ రంగుది, ఒకటి నెమలి రంగుది. ఇంట్లో పిల్లలు ఎరగని బాదంపప్పు వాటికి పెడుతున్నాడు. పందేలు చట్టవిరుద్ధం. హైకోర్టు ఎన్నిసార్లు చెప్పినా సంక్రాంతికి మన జిల్లాల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆ ఉపన్యాసం ఇవ్వలేదు. పండగ ముందు పుంజుకు వచ్చే ధర పండగ తర్వాత రాదు, ఇప్పుడే అమ్మితే గూటికి డబ్బు వస్తుందన్నాను. కోడలు ఒక్క చూపు చూసింది. అమ్మాడు. పుంజులతోపాటు ముసలి పెట్టలూ పోయాయి. ఆ డబ్బుతోనే కొత్త గూడు లేచింది. నేను జనవరికి ముందు ఎన్నిసార్లు చెప్పినా ఈ మంద తగ్గేది కాదు.

"పుంజు లేకపోతే పెట్ట గుడ్డెట్టా పెడద్ది?" అని అత్తగారు, వాకిట్లో చేరిన ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు. గుడ్డుకు పుంజు అక్కర్లేదు, పిల్లకే కావాలి. పుంజు లేని గుడ్డులో పిండం పెరగదు కాబట్టి ఎండాకాలం ఎక్కువ రోజులు నిలుస్తుంది కూడా. నమ్మలేదు. ఏప్రిల్‌లో చూశాక నమ్మారు.

నేలకు సెలవు

ఫిబ్రవరి నుంచి మే దాకా పెరటి నేల మీద కోడి కాలు పెట్టనివ్వలేదు. పై మట్టి మూడు వేళ్ళ మందం గీరి తీసేయించాను. సున్నం చల్లుతామన్నారు, చల్లుకోమన్నాను, కానీ నా నమ్మకం దాని మీద లేదు. కాక్సిడియా పైపొర గట్టిది, మామూలు రసాయనాలకు లొంగదు. దాన్ని చంపేవి ఎండ, ఎండుదనం. గుంటూరు ఎండ ఉండగా వేరే మందెందుకు? ఏలికపాముల గుడ్లు అంతకన్నా మొండివి, అందుకే మట్టే తీసేయాల్సి వచ్చింది.

గూడు ఆరడుగులు, ఎనిమిదడుగులు. ఎనిమిది కోళ్ళకు (మిగిలిన మూడు, కొత్తగా తెచ్చేవి నాలుగు, అత్తగారి నాటు పెట్ట ఒకటి) 48 చదరపు అడుగులంటే ఒక్కోదానికి ఆరు. పుస్తకాల్లో రెండడుగులు చాలంటారు. అవి లోపలే ఉండిపోయే ఫారాల లెక్కలు, అక్కడ మనిషి రోజంతా చూసుకుంటాడు. ఇక్కడ తుపాను రోజుల్లో వారం పాటు లోపలే ఉంచాల్సి రావచ్చు. అందుకని పెద్దది. నేల అడుగు ఎత్తు ఇటుకలతో లేపి, పైన నాలుగంగుళాల వరి ఊక. రోజూ ఒకసారి కర్రతో తిరగేయాలి. గుప్పెట్లో పట్టి పిసికి వదిలితే ముద్ద కట్టకూడదు, అలాగని దుమ్ము లేవకూడదు. అత్తగారికి చెప్పింది ఈ ఒక్క పరీక్షే. తేమ మీటరు ఆమె చెయ్యే.

ఊక తడిసేది వానకన్నా నీళ్ళ గిన్నె వల్ల. కోడి దానిలో కాలు పెట్టి పడేస్తుంది. గిన్నెను ఇటుక మీద, కోడి వీపు ఎత్తుకు లేపాం. ఈ చిన్న మార్పుతో గూట్లో వాసన సగం తగ్గింది. పక్కింటివాళ్ళ సణుగుడు కూడా.

కొడుకు తంతి పంజరాలు పెట్టి, గుడ్ల కోసమే పెంచే లేయర్ కోళ్ళు తెద్దామన్నాడు. నేను వద్దన్నాను. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికి ముఖ్యమైన చల్లార్పు. ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. మేలో ఇక్కడ గాలే 45 దాటిన రోజులున్నాయి. సిమెంటు రేకు కింద పంజరంలో ఇరుక్కున్న కోడికి పక్కకు తప్పుకునే దారి లేదు. గూడు వేపచెట్టు నీడ పడేవైపు కట్టి, పడమటి గోడకు తడి గోనెలు వేలాడదీశాం.

మిగిలిన పెరటిని రెండు ముక్కలు చేసి మధ్యలో పాత చేపలవల కట్టాం. సాయంత్రం రెండు గంటలు మాత్రమే బయటికి. ఒక నెల ఈ ముక్క, ఒక నెల ఆ ముక్క. ఖాళీగా ఉన్న ముక్కలో తోటకూర, గోంగూర. ఎండిన రెట్ట ఊక ఆ మళ్ళకే పోతుంది. నెలరోజుల విరామం పాముల గుడ్లను పూర్తిగా చంపదు, నాకు తెలుసు. కానీ 23 కోళ్ళు రోజంతా వేసిన రెట్టకూ, ఎనిమిది కోళ్ళు రెండు గంటల్లో వేసే రెట్టకూ చాలా తేడా ఉంది. మట్టి తట్టుకోగలిగేంతకు బరువు దించడమే నా ఉద్దేశం.

ఫిబ్రవరిలో ఇంకో నాలుగు గ్రామప్రియ పిల్లలు తెచ్చాం. ఈసారి వేరే గంపలో, పొడి ఊక మీద. పాత మూడింటి గూట్లోంచి గుప్పెడు పొడి ఊక తెచ్చి ఇందులో వారానికోసారి కలిపించాను. వాళ్ళకది వింతగా తోచింది. జబ్బును మనమే తెచ్చిపెట్టడమేంటని. పొడి ఊకలో క్రిమి కొంచెమే బతుకుతుంది, ఆ కొంచెమే పిల్లకు నిరోధం నేర్పుతుంది. డిసెంబరులో చేయనిది ఇదే. నాలుగూ నిలిచాయి.

మేత, తాలు కాయలు, తోలుగుడ్లు

పాత మూడూ ఏప్రిల్‌లో గుడ్లకు వచ్చాయి. మొదటి రెండు వారాలు తోలుగుడ్లు. పెంకు లేకుండా పొరతోనే, చేత్తో పట్టుకుంటే నీళ్ళసంచిలా జారేవి. అత్తగారు దిష్టి తీసింది. నేను మేత అడిగాను. నూకలు, అన్నం, మెతుకులు. గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. నూకల్లో అది ఉండదు, మాంసకృత్తులు నూటికి ఎనిమిది పాళ్ళ దగ్గర. పెట్టకు కడుపు నిండుతోంది గానీ గుడ్డుకు సరుకు లేదు.

రోజుకు కోడికి 70 గ్రాముల లేయర్ మేత ఉదయాన్నే, ఖాళీ కడుపున. సాయంత్రం నూకలు, కూర తరుగు, చేపలు కడిగిన రోజు తలకాయలు ఉడకబెట్టి. వరస తారుమారైతే నూకలతో కడుపు నింపుకుని మేత వదిలేస్తాయి. పక్కన ఒక చిప్పలో ఆలిచిప్పల నుసి. అది కలపకూడదు, దేనికి ఎంత కావాలో అదే తింటుంది. పది రోజుల్లో పెంకులు గట్టిపడ్డాయి.

అజొల్లా అనే నీటిమొక్క కూడా మేతకని వేశాం, అందరూ వేస్తున్నారని. టార్పాలిన్ గుంట, పేడనీళ్ళు. పచ్చి అజొల్లాలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. ఎనిమిది కోళ్ళకు లెక్కకొచ్చేంత మాంసకృత్తులు రావాలంటే పెరడంతా గుంటే కావాలి. మేలో అది మాడిపోయింది, ఎవరూ బాధపడలేదు.

మేత గురించి అడుగుతుంటేనే ఇంకో సంగతి బయటపడింది. కోడలు పని నుంచి వచ్చేటప్పుడు తాలు కాయలు, వాటి గింజలు మూటకట్టి తెచ్చేది. మిరప కారం మనకు మండుతుంది గాని పక్షుల నోటికి తెలియదు. కోళ్ళు ఆవురావురుమని తినేవి. ఎండుమిరప రంగు వల్ల పచ్చసొన ఎర్రగా వచ్చేది, అది చూసి అత్తగారు మురిసిపోయేది. మంచి కాయ అయితే నాకూ అభ్యంతరం లేదు. కానీ తాలు అంటే రంగు పోయి తెల్లబడినది, తరచూ బూజు పట్టినది. బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది, అది కాలేయాన్ని తింటుంది. అప్పుడు గుర్తొచ్చింది, సెప్టెంబరులో కోసినప్పుడు చూసి వదిలేసిన ఆ పసుపు కాలేయం. ఆ రోజే మేత గురించి అడిగుంటే ఎనిమిది నెలలు మిగిలేవి. పేగులో పాములు కనపడగానే నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. తాలు ఆపించాను. బాగుపడటంలో దీని వాటా ఎంత, నేలది ఎంత అని విడదీయలేను. అన్నీ ఒకే వేసవిలో మార్చాం.

వంద డోసుల సీసా

కొక్కెర తెగులు టీకా ఖరీదైనది కాదు. సమస్య సీసా. లసోటా అనే ఆ టీకా సీసా చిన్నదే వంద డోసులు. కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, అంతసేపూ ఐసు మీద ఉండాలి. ఎనిమిది కోళ్ళున్న ఇల్లు దాన్ని కొనదు. కొన్నా మిగతా 92 పారేయాలి. పెరటి కోళ్ళకు టీకాలు పడకపోవడానికి జనం అజ్ఞానమే కారణమని మావాళ్ళు సభల్లో చెబుతుంటారు. నాకైతే సీసా సైజే కారణమనిపిస్తుంది.

కోడలు ఆ వీధిలో ఆరు ఇళ్ళను కూడగట్టింది. అందరి కోళ్ళూ కలిపి డెబ్భై చిల్లర. తెల్లవారుజామున, గంపలు ఎత్తకముందే, ఫ్లాస్కులో ఐసుతో వెళ్ళాను. కంటికో చుక్క, ముప్పావుగంటలో అయిపోయింది. అదే తెగులుకు రెక్క కింద వేసే ఇంకో టీకా, ఆర్‌టుబి సూదిని ఎనిమిది వారాలు దాటిన, ముందు లసోటా పడిన వాటికే వేశాం. గుడ్లు పెడుతున్న పెట్టకు అది వేస్తే గుడ్లు పడిపోతాయి కాబట్టి పాత మూడింటికి మళ్ళీ లసోటాతోనే సరిపెట్టాం.

గోడ ఏం చెప్పింది

2024 సెప్టెంబరు ఒకటిన కుండపోత. విజయవాడలో బుడమేరు వాగు ఊళ్ళ మీద పడిన రోజు. ఈ పెరట్లోనూ మోకాలి లోతు కాకపోయినా పాదం మునిగే నీళ్ళు. గూడు నేల అడుగు ఎత్తున ఉంది, ఊక తడవలేదు. తొమ్మిది రోజులు లోపలే ఉంచారు. నెత్తురు రెట్ట లేదు. ఆ నెల గీతలు 79.

శీతాకాలమంతా వారానికి 17 నుంచి 20. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఊళ్ళో చికెన్ కొనేవాళ్ళు లేరు. వీళ్ళూ భయపడి ఫోను చేశారు. బయటి కోళ్ళను, వాటి మేతసంచులను లోపలికి రానివ్వొద్దని, కోళ్ళను బయటికి వదలొద్దని, గుడ్డు సొన గట్టిపడేదాకా ఉడకబెట్టి తినమని చెప్పాను. 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ నిలవదు. మేలో ఎండకు వారానికి 11కు పడిపోయాయి. అది నేను ముందే చెప్పిందే కాబట్టి కంగారుపడలేదు. ఒక పెట్టను ముంగిస కొట్టేసింది, తలుపు గడియ వేయని రాత్రి.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. ఎనిమిది కోళ్ళకు నెలకు పదిహేడు కిలోల మేత, ఆరువందలు. నెలకు ఎనభై గుడ్లు, బజారు ధరకు ఐదువందల యాభై, ఆరువందలు. చేతికి మిగిలేదేమీ లేదు. లాభమని చెప్పి ఎవర్నీ దీనిలోకి దించను. అయితే గుడ్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నది వేరే లెక్క. కొన్న గుడ్లు కొడుకు తెచ్చేవాడు, పంపకం అతనిది. పెరటి గుడ్లు అత్తగారివి. రోజూ ఒకటి ఉడకబెట్టి కోడలికి ఆమే చేతిలో పెడుతుంది, తనకు మాత్రం అట్టు వేసుకుంటుంది. వారానికి రెండు రోజులు తోటకూర పెరట్లోదే.

ఇప్పుడు మిగిలిన చిక్కు వయసు. పాత మూడింటికి రెండేళ్ళు నిండాయి, గుడ్లు సగానికి వచ్చాయి. గ్రామప్రియ పొదగదు, పొదిగినా తల్లిలాంటి పిల్ల రాదు. ప్రతిసారీ బయట నుంచే తేవాలి. గుడ్లు తగ్గినవాటిని కూరకు పంపాలని నా సలహా. అత్తగారు ఒప్పుకోలేదు. "మూడేళ్ళు తిండి పెట్టినదాన్ని నా గిన్నెలో ఎట్టా ఉడకేస్తానయ్యా" అంటుంది. రెండేళ్ళేనన్నా వినదు. చివరికి పక్కవీధి ఆమెకు అమ్మేట్టు, ఆమె ముసలి పెట్టలను ఈమె కొనేట్టు మాట్లాడుకున్నారు. ఎవరి పెట్టను వాళ్ళు కోయరు.

కొత్తగా ఐదు పిల్లలకు ఆర్డరు ఇచ్చాం. ఆమె దాచుకున్న నాటు పెట్ట వారం నుంచి పొదుగు మీద ఉంది, కింద ఒట్టి పింగాణీ గుడ్లు. పిల్లలు రాగానే రాత్రిపూట దాని కింద పెట్టి చూద్దామని ఆమె ఆలోచన. ఒకరోజు పిల్లలైతే తీసుకుంటుంది, పెద్దవైతే పొడుస్తుంది, కాబట్టి ఒకరోజు పిల్లలే పంపమని చెప్పాను. గోడకు పండక్కి సున్నం వేశారు. గీతలు ఇప్పుడు మనవరాలి పాత లెక్కల నోట్సులో పడుతున్నాయి.